ఎడమ డెక్కు మీద వచ్చిన ఫిర్యాదు: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో నేను ఒకసారి తప్పాను. రాసిపెట్టడానికి అదే కారణం. సమస్య తీరిపోయిందని చెప్పి పంపిన డీజే కుర్రవాడు తొమ్మిది రోజులకు పెళ్లిపందిట్లోంచి ఫోను చేశాడు. అతని పేరు, ఊరు, వాడే సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. అంకెలు మాత్రం ఆ రోజు నా నోటుపుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

గోదావరి పాయలైన వశిష్ఠకూ వైనతేయకూ మధ్యనున్న ఒక చిన్న పట్నంలో నాకు సౌండు పరికరాల రిపేరు దుకాణం ఉంది. మైక్‌సెట్ల రోజుల నుంచీ ఇదే పని. అప్పట్లో కొబ్బరిచెట్టుకు కట్టిన హారన్లు, కాలిపోయిన యాంప్లిఫయర్లు వచ్చేవి. ఇప్పుడు బల్ల మీదికి లాప్‌టాప్‌లు వస్తున్నాయి. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి జాక్‌లు, పిన్నులు తొందరగా చిలుము పడతాయి. అందుకే మా వైపు శబ్దం తగ్గిందంటే ఎవరైనా ముందు వైరునే అనుమానిస్తారు. పదింట ఆరేడు సార్లు ఆ అనుమానం నిజమవుతుంది కూడా. ఈసారి ఆ అలవాటే దారి తప్పించింది.

కుర్రవాడికి ఇరవై దాటి ఉంటాయి. తండ్రికి షామియానాల సప్లయ్ ఉంది. రెండేళ్ల కిందట దానికి డీజే కూడా తోడు చేసుకున్నారు. ఒక లాప్‌టాప్, రెండు డెక్కుల (ఒక్కోదాంట్లో ఒక్కో పాట పెట్టి మార్చి మార్చి వాయించే భాగాల) యూఎస్‌బీ కంట్రోలర్, మైకుల కోసం ఒక చిన్న అనలాగ్ మిక్సర్, రెండు యాంప్‌లు, రెండు టాప్‌లు (గొంతు, ట్రెబుల్ వచ్చే బాక్సులు), రెండు బేస్ బాక్సులు. మాఘమాసం, శ్రావణమాసం వస్తే ఊపిరాడనంత పని. కనుమకు ప్రభల తీర్థాలు ఉండనే ఉన్నాయి.

వచ్చిన ఫిర్యాదు

"ఎడమ డెక్కు చచ్చిపోతోందండి మాస్టారూ" అన్నాడు రాగానే. "కుడి డెక్కులో పాట పడితే పందిరి ఊగుతోంది. ఎడమదాంట్లో పడితే వంటవాళ్ల గరిటెల చప్పుడు వినబడుతోంది."

ఎప్పుడూ తక్కువేనా అని అడిగాను. కాస్త ఆలోచించి, "ఒక్కోసారి ఎడమదే ఎక్కువగా వచ్చి బరబరమంటుందండి" అన్నాడు. ఈ రెండో మాటను నేను రాసుకున్నాను గానీ పట్టించుకోలేదు. ఒకే డెక్కు కొన్నిసార్లు తక్కువ, కొన్నిసార్లు ఎక్కువ అంటే అది చెడిపోయిన పరికరం తీరు కాదు. చెడిపోయిన పరికరం ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంది, లేదా కదిపినప్పుడల్లా తప్పుతుంది. ఆ ముక్క అప్పుడే తట్టి ఉంటే తొమ్మిది రోజులు కలిసొచ్చేవి.

అతను అప్పటికే చేసినవి

కంట్రోలర్ నుంచి మిక్సర్‌కు వెళ్లే కేబుల్ కొత్తది కొన్నాడు. 1,400 రూపాయలు పోయాయి, తేడా పోలేదు. ఈ ఖర్చు ఎందుకు దండగో అతనికి చెప్పడానికి కాగితం మీద బొమ్మ గీయాల్సి వచ్చింది, ఎందుకంటే ఎడమ డెక్కునూ ఎడమ స్పీకరునూ అతను ఒకటిగానే అనుకుంటున్నాడు. ఇలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇలాంటి కంట్రోలర్‌లో రెండు డెక్కుల పాటలూ లోపలే కలిసిపోతాయి. వెనకనుంచి బయటికి వచ్చేది ఆ కలిసిన శబ్దం, ఎడమ చానల్, కుడి చానల్‌గా. ఎడమ డెక్కులోని పాట రెండు స్పీకర్లలోనూ మోగుతుంది. కేబుల్ చెడితే ఒక స్పీకరో మొత్తం శబ్దమో తగ్గుతుంది, అదీ ఏ డెక్కులో పాట పెట్టినా తగ్గుతుంది. ఒక డెక్కును మాత్రమే తగ్గించే శక్తి ఆ వైరుకు లేదు. సాఫ్ట్‌వేర్‌ను ఎక్స్‌టర్నల్ మిక్సర్ పద్ధతిలో పెట్టి ఒక్కో డెక్కును ఒక్కో వైరు మీద బయటికి తీసుకుంటే అప్పుడు కథ వేరు. సెట్టింగు చూశాను, అలా లేదు.

రెండోది, తక్కువగా ఉన్న పాటలను ఒక ఉచిత టూల్‌తో నార్మలైజ్ చేశాడు. దీని సంగతి తర్వాత చెబుతాను. మూడోది, పందిట్లో అప్పటికప్పుడు ఎడమ డెక్కు గెయిన్ (ఆ డెక్కులోని పాటను ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెంచడం, మాస్టర్ (మొత్తం శబ్దం) పెంచడం. ఇక నాలుగో పనిగా కంట్రోలర్‌నే మార్చేద్దామని బేరం మాట్లాడి వచ్చాడు. ముందు అడ్వాన్సు ఇవ్వకుండా ఆపాను.

మొదటి పరీక్ష, నా తొందరపాటు

ఇలాంటి చోట మొదట తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: తేడా డెక్కుతో ఉందా, పాటతో ఉందా? దానికి ఒకే పాటను రెండు డెక్కులలోనూ పెట్టాలి. ఛానల్ ఫేడర్లు (ఒక్కో డెక్కు శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటలు) పైకి, క్రాస్‌ఫేడర్ (ఒక డెక్కు నుంచి ఇంకోదానికి మార్చే మీట) సరిగ్గా మధ్యలో, బాస్ ట్రెబుల్ నాబ్‌లన్నీ మధ్యగీతకు. చెవిని నమ్మకుండా మీటరు చూడాలి, ఎందుకంటే కొద్దిగా ఎక్కువ మోగేది చెవికి "బాగున్నట్టు" అనిపిస్తుంది తప్ప ఎక్కువగా అనిపించదు.

అతని లైబ్రరీలోంచి ఒక పాట తీసి రెండింటిలోనూ పెట్టాను. ఎడమది సుమారు 4 డెసిబెళ్లు తక్కువ. అంటే డెక్కులోనే తేడా ఉంది, కుర్రవాడు చెప్పింది నిజమే. కంట్రోలర్ మీద రెండు గెయిన్ నాబ్‌లూ నిటారుగా 12 గంటల దగ్గరే ఉన్నాయి. తెర మీద చూస్తే ఎడమ గెయిన్ 10 గంటల దగ్గర ఉంది. చేతి కిందున్న నాబ్ ఒక మాట చెబుతోంది, తెర ఇంకో మాట చెబుతోంది.

ఇది చాలా కంట్రోలర్లలో ఉన్నదే. లాప్‌టాప్‌కు తగిలించగానే నాబ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో కంట్రోలర్ చెప్పకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ తనకు గుర్తున్న స్థానాన్నే పట్టుకుని కూర్చుంటుంది. మనం నాబ్ తిప్పినా, తెర మీది స్థానాన్ని దాటేదాకా అది పట్టించుకోదు. శబ్దం ఒక్కసారిగా ఎగరకుండా చేసిన ఏర్పాటు అది, సాఫ్ట్ టేకోవర్ అంటారు. మంచి ఏర్పాటే, తెలిసినవాడికి. ఏదో ఒక రాత్రి టచ్‌ప్యాడ్‌తో ఎడమ గెయిన్ తగ్గించానని కుర్రవాడికి గుర్తొచ్చింది. అది అలాగే ఉండిపోయింది.

ప్రతి నాబ్‌నూ ఒకసారి ఎడమ కొసకు, ఒకసారి కుడి కొసకు తిప్పి మధ్యకు తెచ్చాను. తెరా చెయ్యీ కలిశాయి. మళ్లీ అదే పాట: తేడా అర డెసిబెల్ లోపు. ప్రతి ఫంక్షన్‌కు ముందు ఇలా తిప్పుకోమని చెప్పి, డబ్బులు కూడా తీసుకోకుండా పంపించేశాను.

ఇక్కడ నా తప్పు ఏమిటంటే, ఒక కారణం దొరకగానే అదే కారణమని అనుకున్నాను. 4 డెసిబెళ్లు వినబడే తేడాయే, కానీ పందిరి ఊగడానికీ గరిటెలు వినబడడానికీ మధ్య తేడా కాదది. చెవికి రెట్టింపు శబ్దంలా అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు కావాలి. కుర్రవాడి వర్ణనకూ నా కొలతకూ పొంతన లేదని అప్పుడే అనుమానించాలి.

పందిట్లోంచి ఫోను

"మళ్లీ అదేనండి!" అన్నాడు. వెనక జనరేటర్ మోత. ఒకే పాట రెండింటిలోనూ పెట్టి చూడమన్నాను. చూసి, సమానంగానే ఉందన్నాడు.

"మరి తేడా ఎప్పుడొస్తోంది?"

"పాట మారినప్పుడు వస్తోందండి."

మొదటి రోజే నేను అడిగి రాబట్టవలసిన జవాబు అది. మర్నాడు సామాను తెచ్చుకుని రమ్మన్నాను. ఈసారి నేను ఏదీ ముట్టుకోలేదు. పెళ్లిలో ఎలా వాయిస్తావో అలాగే ఒక గంట వాయించు అని చెప్పి, టీ గ్లాసుతో వెనక నిలబడ్డాను.

పావుగంటలో బయటపడింది. పాత పాటలు, సన్నాయి, భక్తిపాటలు అన్నీ ఎడమ డెక్కులోకే వెళుతున్నాయి. డాన్సు పాటలు, రీమిక్స్‌లు కుడిదాంట్లోకి. ఎందుకలా అంటే అతనికీ తెలియదు. పెద్దవాళ్లు అడిగినవి వచ్చిన పెన్‌డ్రైవ్ ఎడమవైపు పెట్టుకోవడం మొదట్లో అలవాటైంది, చెయ్యి అలాగే పోతోంది. పాటలను అటూ ఇటూ మార్చి పెట్టించాను. ఫిర్యాదు కుడి డెక్కుకు మారిపోయింది.

అయితే అతని సాఫ్ట్‌వేర్‌లో ఆటో గెయిన్ ఉంది, ఆన్‌లోనే ఉంది. పాటల మధ్య తేడాలను సరిదిద్దడమే దాని పని. 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించిన రీప్లేగెయిన్ నుంచీ ఈ ఆలోచన ఉన్నదే: పాటను మార్చకుండా, అది చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో ముందే కొలిచి, వాయించేటప్పుడు ఆ మేరకు పెంచడమో తగ్గించడమో చేయడం. ఆ పని జరుగుతుంటే ఈ తేడా ఉండకూడదు. పెన్‌డ్రైవ్‌లోని పాటల జాబితా తెరిచి, గెయిన్ గడి చూశాను. సగానికి పైగా పాటలకు ఆ గడి ఖాళీ. పెళ్లివారు చివరి నిమిషంలో ఇచ్చిన పాటలవి, వాటిని ఎవరూ విశ్లేషించలేదు. కొలత లేని పాటను ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టు వదిలేస్తోంది. మొదటి రోజు నేను పరీక్షకు తీసుకున్న పాట అతని లైబ్రరీలోది, ఎప్పుడో కొలత అయిపోయినది. జబ్బులేని పాటతో జబ్బు వెతికాను.

ఇంతవరకే అయితే అన్నిటినీ విశ్లేషించమని చెప్పి ముగించవచ్చు. కానీ "ఒక్కోసారి ఎడమదే ఎక్కువగా వచ్చి బరబరమంటుంది" అన్న మాట ఇంకా మిగిలే ఉంది. ఈసారి దాన్ని వదలలేదు.

వరద గుర్తు, నిలిచిన నీరు

రెండు పాటలు తీసి కొలిచాను. ఒకటి పాత పాట: సగటు గట్టితనం మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో డెసిబెళ్ల మెట్లలోనే చెప్పే కొలమానం, సున్నాకు దగ్గరైనకొద్దీ గట్టి), అత్యధిక శిఖరం మైనస్ 1 డెసిబెల్. రెండోది రీమిక్స్: మైనస్ 7 ఎల్‌యూఎఫ్‌ఎస్, శిఖరం సున్నాకు ఆనుకుని ఉంది. డిజిటల్‌లో సున్నా అంటే పైకప్పు, దానిపైన ఏమీ లేదు. శిఖరాల్లో తేడా ఒక డెసిబెల్, వినికిడిలో తేడా 12.

కుర్రవాడి నార్మలైజ్ టూల్ ఎందుకు పనిచేయలేదో ఇక్కడే ఉంది. అది శిఖరాన్ని చూసి పాటను పైకప్పు దాకా జరుపుతుంది. పాత పాటలో ఎక్కడో ఒక డోలక్ దెబ్బ అప్పటికే పైకప్పు దగ్గర ఉంది. కాబట్టి పాట మొత్తం పెరిగింది ఒక్క డెసిబెలే. అతనికి ఇలా చెప్పాను: గోదావరి లంకల్లో ఇళ్ల గోడల మీద వరద గుర్తు చూశావు కదా. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ గీత చెబుతుంది. ఎన్ని రోజులు నిలిచిందో చెబుతుందా? పూట ఉండి తీసిన నీరూ వారం నిలిచిన నీరూ ఒకే గీత గీయవచ్చు. పంట పోయేది నిలిచిన నీటికి. చెవి కూడా అంతే, గీతను చూడదు, నిలిచినదాన్ని లెక్కపెడుతుంది. లంకలో మేనమామ ఉన్నాడట, వెంటనే పట్టుకున్నాడు.

ఇక బరబర. ఆటో గెయిన్ ఏ స్థాయికి సర్దాలో చెప్పే సెట్టింగును అతను దాదాపు చివరికి, మైనస్ 9 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు తోసి పెట్టాడు. గట్టిగా ఉంటే మంచిదని. ఇప్పుడు లెక్క చూడండి. రీమిక్స్ 2 డెసిబెళ్లు తగ్గి మైనస్ 9కి వస్తుంది. విశ్లేషించని పాత పాట మైనస్ 19 దగ్గరే ఉంటుంది, అంటే 10 తక్కువ. గరిటెలు వినబడేది ఇక్కడ. విశ్లేషించిన పాత పాటేమో 10 డెసిబెళ్లు పెరుగుతుంది, దాని శిఖరాలు మైనస్ 1 నుంచి ప్లస్ 9కి పోవాలి. పోవడానికి చోటు లేదు. లోపల సాఫ్ట్‌వేర్ లెక్కల్లో ఇబ్బంది లేకపోయినా, మాస్టర్ బయటికి వచ్చే దగ్గర ఆ శిఖరాలన్నీ కత్తిరించినట్టు తెగిపోతాయి. బరబర అదే. ఒకే డెక్కు, ఒకే రాత్రి, ఒక పాటకు నీరసం, ఇంకో పాటకు చిరుగు. రెండూ ఒకే సెట్టింగు నుంచి పుట్టాయి.

ఏం చేశాం, ఎందుకు

నా ముందు మూడు దారులు ఉన్నాయి. పాత పాటలను కంప్రెసర్‌తో పిండి రీమిక్స్‌ల స్థాయికి తేవడం మొదటిది. అది వద్దనుకున్నాను. పాత రికార్డింగుల్లో గొంతు తగ్గి పెరిగే తీరులోనే ప్రాణం ఉంటుంది, దాన్ని చదును చేస్తే పెళ్లికొచ్చిన పెద్దవాళ్లకే ముందు తెలుస్తుంది. ఆటో గెయిన్ లక్ష్యాన్ని మైనస్ 14కు తేవడం రెండోది. పాత పాటకు ఇంకా 5 పెంచాలి, శిఖరం ప్లస్ 4, ఇంకా తెగుతుంది. మూడోది మైనస్ 18. పాత పాట ఒక్క డెసిబెల్ పెరిగి సరిగ్గా పైకప్పు కింద ఆగుతుంది. రీమిక్స్ 11 తగ్గుతుంది. రెండూ సమానం, ఏదీ తెగదు. రీప్లేగెయిన్ రెండో రూపం ఎంచుకున్న ప్రమాణం కూడా ఇదే అంకె.

కుర్రవాడికి ఇది నచ్చలేదు. "మీటరు పచ్చగానే ఉంటోందండి. ఎరుపు రాకపోతే దమ్ము రాదు."

డాన్సు చేసేవాళ్లకు నీ మీటరు కనబడుతుందా అని అడిగాను. తగ్గిన 9 డెసిబెళ్లను లాప్‌టాప్ తర్వాత, అనలాగ్ మిక్సర్ ఇన్‌పుట్ దగ్గరా యాంప్ నాబ్ దగ్గరా తిరిగి పెంచుకోవచ్చు. యాంప్ నాబ్ సగంలో ఉంటే యాంప్ సగం శక్తే ఇస్తోందని చాలామంది అనుకుంటారు. ఆ నాబ్ చెప్పేది ఎంత సిగ్నలుకు ఎంత స్పందించాలన్నదే. యాంప్ హద్దు ఎక్కడో దాని క్లిప్ లైటు చెబుతుంది. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి, పది అడుగుల దూరంలో పాత అమరికా కొత్త అమరికా ఒకే స్థాయిలో వినిపించాను. పాత పాటలో డోలక్ దెబ్బ విడిగా వినబడేసరికి ఒప్పుకున్నాడు. రీమిక్స్‌ల విషయంలో మాత్రం సగమే ఒప్పుకున్నాడనుకుంటాను. (రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. 9 దాటాక శబ్దం తగ్గించడం అలవాటైతే పోలీసులతో వాదించే పని తప్పుతుందని కూడా చెప్పాను.)

ఖర్చు లేకుండా ఏదీ రాదు. మిక్సర్‌లో గెయిన్ పెంచితే దానితోపాటు సన్నని బుస్సు కూడా పెరుగుతుంది. అది మొదటి వరుస కుర్చీలు దాటి వినబడలేదు. కానీ లాప్‌టాప్ చార్జర్ తగిలించగానే హమ్ వచ్చింది. లాప్‌టాప్ ఒక కరెంటు బోర్డు మీద, మిక్సరు, యాంప్‌లు ఇంకో బోర్డు మీద ఉన్నాయి. అన్నిటినీ ఒకే బోర్డుకు మార్చాక చాలావరకు పోయింది. మిగిలినదానికి లాప్‌టాప్ వైపు లైనులో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం.

విశ్లేషణ సంగతికి వస్తే, ఫంక్షన్‌కు ముందు రోజు రాత్రి మొత్తం లైబ్రరీని విశ్లేషణకు పెట్టి పడుకోవడం నియమం చేశాను. చివరి నిమిషంలో వచ్చే పాటలకు వేరే పద్ధతి: పాటను నేరుగా జనంలోకి వదలకుండా, ఫేడర్ కిందనే ఉంచి హెడ్‌ఫోనులో పల్లవి దగ్గర వింటూ, డెక్కు మీటరు నడుస్తున్న పాట మీటరుకు సరిపోయేదాకా గెయిన్ సర్దుకోవడం. ముందు గెయిన్, తర్వాతే ఫేడర్. మైక్‌సెట్ల కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది, ఆటో గెయిన్ వచ్చాక కుర్రవాళ్లు మరిచిపోయారు.

మిగిలిన ఒక్క పాట

ఇన్ని చేశాక కూడా ఒక భక్తిపాట నీరసంగానే మోగింది. మీటరు సరిగ్గానే ఉంది, హెడ్‌ఫోనులో గొంతు కూడా ఉంది. స్పీకర్లలో మాత్రం గొంతు మాయం, వాయిద్యాలు పలచగా. చూస్తే కంట్రోలర్ ఎడమ కుడి లైన్లను అతను వై కేబుల్‌తో ఒకటిగా కలిపి మోనో చేస్తున్నాడు. ఆ ఫైలులో ఒక చానల్ తరంగం తలకిందులై ఉంది. రెండు చానళ్లలో సమానంగా ఉండే గొంతు కలిసేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటోంది. గట్టితనం కొలిచే పద్ధతి చానళ్లను విడివిడిగా లెక్కించి కలుపుతుంది కాబట్టి దానికి ఇది కనబడదు. ఒక ఎడిటర్‌లో ఆ చానల్‌ను తిరగేసి సేవ్ చేశాం. వై కేబుల్ తీసేసి, రెండు లైన్లనూ మిక్సర్‌లో వేరువేరు చానళ్లకు ఇచ్చాం.

తర్వాత

అతను మూడు పెళ్లిళ్లు చేసి వచ్చాడు. డెక్కుల ఫిర్యాదు లేదు. పాత పాటలు ఇప్పటికీ ఎడమవైపే పెడుతున్నాడు, నేనూ మాన్పించలేదు. ఈసారి మోసుకొచ్చింది ఒక టాప్ బాక్సు. ట్రెబుల్ రావడం లేదన్నాడు. విప్పితే హెచ్‌ఎఫ్ యూనిట్ (ట్రెబుల్ పలికే చిన్న స్పీకరు) వాయిస్ కాయిల్ నల్లగా మాడి, తెగిపోయి ఉంది. శిఖరాలు తెగిన శబ్దంలో పై స్వరాలు లేనిపోనివి పుట్టి ఆ చిన్న కాయిల్ మీదే పడతాయి. బరబరమన్న రాత్రుల్లోనే దానికి దెబ్బ తగిలి ఉంటుంది. కొత్త డయాఫ్రం కోసం రాజమండ్రికి చెప్పాను. బాక్సు ఇంకా నా బల్ల పక్కనే ఉంది.